గొయ్యి వాళ్లది, కేసు మనమీదా?

ప్రశ్న: కిందటి నెలలో మా తమ్ముడు రాత్రి డ్యూటీ దిగి బైక్ మీద వస్తూ, కల్వర్టు కోసం తవ్విన గోతిలో పడి చనిపోయాడు. అది ఆర్ అండ్ బీ రోడ్డు, వెడల్పు చేసే పని నడుస్తోంది. బోర్డు లేదు, లైటు లేదు. నాలుగు రాళ్లు పెట్టి రిబ్బను కట్టారు, అదీ తెగి కిందపడి ఉంది. పోలీసులు మాత్రం 'అతివేగంతో అదుపు తప్పి' అని రాసేశారు. కాంట్రాక్టరు మనిషి వచ్చి యాభై వేలిస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నాడు. ఆఫీసుకు వెళ్తే పని కాంట్రాక్టరుకు ఇచ్చేశాం, మాకు సంబంధం లేదంటారు. కాంట్రాక్టరేమో సబ్ కాంట్రాక్టరును చూపిస్తాడు. మా మరదలికి ఇద్దరు చిన్నపిల్లలు. ఎవరి మీద కేసు వెయ్యాలి? నేను వెయ్యొచ్చా?
- ఒక అక్క, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు ఆ సంతకం సంగతి చెప్తానమ్మా. పెట్టకండి. ఆ కాగితంలో సాధారణంగా 'మాకు రావలసింది ముట్టింది, ఇకపై ఎవరిమీదా ఎలాంటి కేసూ పెట్టము' అని ఉంటుంది, లేదంటే ఖాళీగానే ఉంటుంది, తర్వాత నింపుకుంటారు. డబ్బు ఇవ్వాలనుకుంటే బ్యాంకు ఖాతాలో వెయ్యమనండి, అది సాయం కింద ఇస్తున్నదే తప్ప కేసు రాజీకి కాదని రాసిమ్మనండి. అప్పుడు ఎంతమంది నిలబడతారో మీకే తెలుస్తుంది.

రెండోది, సాక్ష్యం. ఇలాంటి చోట్ల తెల్లారేసరికి కొత్త బారికేడ్లు, పసుపు బోర్డులు మొలుస్తాయి. నెల దాటింది కాబట్టి ఆ రాత్రి అక్కడికి చేరినవాళ్ల ఫోన్లలో ఫోటోలు, వీడియోలు ఏమున్నాయో ఇవాళే అడగండి. వాట్సాప్‌లో వచ్చినవి సరిపోతాయిలే అనుకోకుండా తీసినవాళ్ల ఫోన్‌లోనే అసలు ఫైలు ఉంచమనండి. పక్కన పెట్రోలు బంకు ఉంటే సీసీ కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే అడగాలి. ఎఫ్ఐఆర్, సీన్ పంచనామా, స్కెచ్, పోస్టుమార్టం రిపోర్టు కాపీలు తెచ్చుకోండి. స్కెచ్‌లో గొయ్యి గీశారా, బోర్డు లేదని రాశారా అన్నది ఒకటికి రెండుసార్లు చూడండి. సగం కేసు అక్కడే ఉంది.

పోలీసులు అలా రాసినంత మాత్రాన కథ అయిపోలేదు. రక్షణ లేకుండా గొయ్యి తవ్వి వదిలెయ్యడం నిర్లక్ష్యం, దానివల్ల మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు జైలు (పాత ఐపీసీలో రెండేళ్లే ఉండేది). కాంట్రాక్టరు మీద, సైటు ఇంజినీరు మీద ఈ సెక్షన్ పెట్టమని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లొచ్చు. ఫిర్యాదులో 'జాగ్రత్తలు తీసుకోలేదు' అని ఊరుకోవద్దు. పని జరిగే రోడ్ల మీద ఏం పెట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014 మార్గదర్శకాల్లో, అంటే 'ఐఆర్‌సీ ఎస్‌పీ 55' అనే పత్రంలో ఉంది. ముందుగానే హెచ్చరిక బోర్డులు, మెరిసే బారికేడ్లు, రాత్రి లైట్లు, అవసరమైన చోట జెండా మనిషి. వీటిలో ఏది లేదో పేరుపేరునా రాయండి.

ఇక డబ్బు. ఇక్కడే అందరూ పొరబడతారు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఏ అనే సెక్షన్ తెచ్చారు, రోడ్డు ప్రమాణాలు పాటించక మరణమో అంగవైకల్యమో కలిగితే కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు, సంబంధిత అధికార సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ లక్ష మీకు రాదు, ప్రమాదాల నిధికి జమ అవుతుంది. కోట్ల పని చేసేవాడికి లక్ష ఒక లెక్కా అని మీరడిగితే నా దగ్గర సమాధానం లేదు, కానీ ఆ సెక్షన్ కింద కేసు నమోదైతే నష్టపరిహారం దావాలో మీ వాదనకు బలం వస్తుంది కాబట్టి వదలొద్దు.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ వేరే వాహనం పాత్ర ఉన్న కేసులకు పనికొస్తుంది. మీ తమ్ముడిది ఒక్క బైకే కనుక అక్కడ గోతి తవ్వినవాడిని నిలబెట్టడం కష్టం. అయితే బైకు అతని పేరునే ఉండి, లైసెన్సు సరిగ్గా ఉండి, ఇన్సూరెన్సులో ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తీసుకుని ఉంటే 15 లక్షలు వస్తాయి. ఆ పాలసీ కాగితం ఇవాళే వెతకండి, చాలా ఇళ్లలో ఈ కవర్ ఉందన్న సంగతే తెలియదు.

కాంట్రాక్టరు నుంచి, శాఖ నుంచి రాబట్టాలంటే సివిల్ కోర్టులో 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద దావా వెయ్యాలి. భార్య, పిల్లలు, తల్లిదండ్రుల కోసమే ఇది, అక్కగా మీరు వెయ్యలేరు, మీ మరదలి పేరునే వెయ్యాలి. గడువు చనిపోయిన రోజు నుంచి రెండేళ్లు. ప్రభుత్వాన్ని పార్టీగా చేర్చాలంటే రెండు నెలల ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసు ఇవ్వాలి, అందుకని చివరి దాకా ఆగొద్దు. శాఖను, కాంట్రాక్టరును, సబ్ కాంట్రాక్టరును ముగ్గురినీ చేర్చండి. ఎవరు ఎంత భరించాలన్నది వాళ్ల అగ్రిమెంటులో ఏమున్నా అది వాళ్ల మధ్య గొడవ, మీకు అడ్డం రాదు. ఢిల్లీలో చాందినీ చౌక్ గడియార స్తంభం కూలి జనం చనిపోయిన కేసులో, లోపం మాకు తెలియదన్న మునిసిపాలిటీ వాదనను సుప్రీంకోర్టు 1966లోనే కొట్టేసింది. బాంబే హైకోర్టు కూడా 2025 అక్టోబరులో గుంతల వల్ల, తెరిచి ఉంచిన మ్యాన్‌హోళ్ల వల్ల చనిపోయినవారి కుటుంబాలకు 6 లక్షలు ఇవ్వాలంది. అది మహారాష్ట్ర వరకే, కానీ మన హైకోర్టులో రిట్ (ప్రభుత్వ సంస్థల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) వేస్తే అప్పుడు చూపించుకోవచ్చు.

హెల్మెట్ లేదనో, స్పీడుగా వచ్చాడనో వాళ్లు అంటారు. నిజమే అయినా పరిహారంలో కొంత కోత పడొచ్చు తప్ప, కాంట్రాక్టరు బాధ్యత అంతా తుడిచిపెట్టుకుపోదు. లాయరు ఫీజు టెన్షన్ ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ 15100.

ప్రశ్న: రోడ్డు పనికి వచ్చిన టిప్పరును రాత్రి రోడ్డు మీదే ఆపేశారు, వెనక లైట్లు లేవు. మా నాన్న స్కూటర్‌తో గుద్దుకుని కాలు విరిగింది. ఇదీ సివిల్ కోర్టులోనేనా?
- ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: కాదు, మీది ట్రిబ్యునల్ కేసే. ఆగి ఉన్న బండైనా రోడ్డు మీద వాడుకలో ఉన్నట్టే లెక్క. టిప్పరు యజమానిని, ఇన్సూరెన్సు కంపెనీని చేర్చి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మీరు ఉండే ఊరి పరిధిలోనే వెయ్యొచ్చు. జేసీబీ, రోలర్ లాంటివీ రోడ్డెక్కితే మోటారు వాహనాల కిందికే వస్తాయి. నంబరు ప్లేటు లేని వాటర్ ట్యాంకర్లూ ఈ సైట్ల దగ్గర కనిపిస్తాయి, ఇన్సూరెన్సు లేకపోతే యజమాని తన జేబులోంచి కట్టాల్సిందే.

ప్రశ్న: మా ఇంటి పని జరుగుతోంది. రోడ్డు మీద పోసిన కంకర మీద ఒక కుర్రాడి బైక్ జారి చెయ్యి విరిగింది. మేస్త్రీ పోయించాడు, నాకేం సంబంధం?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మొదటి ఉత్తరంలో కాంట్రాక్టరు అన్న మాటే మీరూ అంటున్నారండీ. కంకర మీది, ఇల్లు మీది. దారికి అడ్డం పెట్టినందుకు న్యాయ సంహిత 285 కింద 5,000 వరకు జరిమానా, చెయ్యి విరిగింది గనుక నిర్లక్ష్యంతో గాయపరిచినందుకు 125 కింద కూడా కేసు రావచ్చు. మేస్త్రీతో లెక్క తర్వాత చూసుకోండి. ముందు ఆసుపత్రికి వెళ్లి ఆ కుర్రాణ్ని పలకరించి బిల్లులు కట్టండి, వచ్చేటప్పుడు ఇద్దరు కూలీలను పెట్టి ఆ కుప్ప లోపలికి ఎత్తించండి.