పంప్ ఇట్ అప్ ఫీనిక్స్: డీడీఆర్ అలవాటున్నవాళ్ళు ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఇంట్లో డీడీఆర్ (డాన్స్ డాన్స్ రెవల్యూషన్, పాటకు తగ్గట్టు కాళ్ళతో ఆడే వీడియో గేమ్) మ్యాట్ మీద ఆడిన అలవాటుంది. వచ్చే నెల బరంపురం నుంచి విశాఖ వెళ్తున్నాను. అక్కడి ప్లే జోన్‌లో అలాంటిదే పంప్ ఇట్ అప్ ఫీనిక్స్ అనే డాన్స్ మెషీన్ ఉందట. రెండూ ఒకటేనా? ఏ లెవెల్‌తో మొదలుపెట్టాలి?

జవాబు: ఒకటి కాదండీ. పాటకు తగ్గట్టు బాణాలు కింది నుంచి పైకి వస్తాయి, పైనున్న గుర్తులను చేరగానే తొక్కాలి. పోలిక అంతవరకే. నాదీ బరంపురమే. భువనేశ్వర్, విశాఖ వెళ్ళినప్పుడల్లా ఈ ఆట ఆడతాను, చాలా ఇష్టం కూడా.

కొనామీ వాళ్ళ డీడీఆర్ 1998లో జపాన్‌లో వచ్చింది. దానికి ముందు, వెనక, ఎడమ, కుడి నాలుగు ప్యానెళ్ళు (కాలితో తొక్కే పలకలు). మరుసటి ఏడాది కొరియా కంపెనీ ఆండమిరో తెచ్చిన పంప్‌కి ఐదు: పై మూలల్లో రెండు ఎర్రవి, కింది మూలల్లో రెండు నీలివి, మధ్యలో పసుపుది. అసలు తేడా అంతా ఆ పసుపు ప్యానెల్‌లోనే ఉంది. డీడీఆర్‌లో మొదట్లో అందరం అడుగు వేయగానే కాలు మధ్యకు లాక్కుంటాం. ఇక్కడ అలా చేస్తే పసుపు బాణం వచ్చినప్పుడు కాలు ఎత్తి మళ్ళీ తొక్కాలి, అప్పటికి ఆలస్యమైపోతుంది. వేసిన కాలు అక్కడే ఉంచండి, తర్వాతి బాణానికి రెండో కాలు వాడండి. ఎడమ కింద ఎడమ కాలు, మధ్యలో కుడి కాలు, కుడి పైన మళ్ళీ ఎడమ కాలు వేసి చూడండి. ఒళ్ళు దానంతట అదే కుడివైపు తిరుగుతుంది. నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది ఆ తిరగడమే.

పొడుగు బాణాల లెక్క కూడా వేరు. డీడీఆర్‌లో మధ్యలో కాలు ఎత్తేస్తే ఆ బాణం పోయినట్టే. పంప్‌లో పట్టుకున్నంతసేపూ పర్ఫెక్ట్‌లు (సరిగ్గా పడిన అడుగుకు వచ్చే మార్కు) పడుతూనే ఉంటాయి. వదిలేసినా మళ్ళీ తొక్కి మిగతాది దక్కించుకోవచ్చు.

పంప్‌లో 2023లో వచ్చిన వెర్షన్ ఫీనిక్స్‌లో నాకు బాగా నచ్చింది స్కోరు పద్ధతి. ఏ పాటకైనా గరిష్ఠం 10 లక్షలే. కాంబో (తప్పు లేకుండా వరసగా వేసిన అడుగుల లెక్క) వాటా చాలా తక్కువ, అడుగు ఎంత కచ్చితంగా పడిందన్నదే ముఖ్యం. అందుకే పెద్ద లెవెల్‌ని ఎలాగోలా గట్టెక్కడం కన్నా, చిన్న లెవెల్‌ని శుభ్రంగా ఆడమంటాను. ఐదు ప్యానెళ్ళ మీద ఆడే సింగిల్ చార్టులకు (చార్టు అంటే పాటకు కూర్చిన బాణాల వరస) ఎస్ అని, పది ప్యానెళ్ళ మీద ఒక్కరే ఆడే డబుల్‌కి డి అని గుర్తు, పక్కనుండే అంకె లెవెల్. మ్యాట్ అలవాటున్నా సరే ఎస్3, ఎస్4 దగ్గర మొదలుపెట్టండి. డబుల్ జోలికి ఇప్పుడే వద్దు.

స్పీడు మాత్రం తప్పకుండా మార్చుకోండి. మామూలు స్పీడులో బాణాలు గుంపుగా కనిపించి కళ్ళు తికమకపడతాయి. రెండింతలు, రెండున్నర పెడితే విడివిడిగా వస్తాయి. పాటపాటకీ టెంపో మారుతుంది కాబట్టి ఏవీ అనే ఆప్షన్ ఇంకా మంచిది. అందులో ఒక అంకె పెట్టుకుంటే ఏ పాటకైనా బాణాలు దాదాపు అదే వేగంతో వస్తాయి.

వెళ్ళేలోగా ఇంట్లో స్టెప్‌మేనియా అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. అందులో ఐదు ప్యానెళ్ళ పంప్ పద్ధతి కూడా ఉంది. కీబోర్డులో కుడివైపు అంకెల్లో 1, 3, 5, 7, 9 పెట్టుకుంటే సరిగ్గా ప్యానెళ్ళ అమరికే వస్తుంది. కాళ్ళకు ప్రాక్టీస్ కాకపోయినా కళ్ళకు అవుతుంది.

మెషీన్ మీద కింది రెండు ప్యానెళ్ళతో పాటలు జరపాలి, మధ్యది తొక్కితే ఎంపిక, పైవి తొక్కితే వెనక్కి. పాట ఎంచుకోవడానికి టైమర్ నడుస్తుంది, టెన్షన్ పడొద్దు. మొదటి పాట తేలికది పెట్టుకుని ఐదు ప్యానెళ్ళూ పడుతున్నాయో లేదో చూసుకోండి. ఒకచోట నాకు నీలి ప్యానెల్ ఒకటి సరిగా పట్టలేదు, సిబ్బందికి చెప్తే బాగుచేసి ఇచ్చారు. అడుగు చదునుగా ఉన్న బూట్లు వేసుకోండి. శని, ఆదివారాల్లో పిల్లల రద్దీ ఉంటుంది, వీలైతే మామూలు రోజున తెరవగానే వెళ్ళండి.