కొల్లేరు ఫోటోలకి ఏ నెల మంచిది అంటే... నా పన్నెండు నెలల గొడవ వినండి

"కొల్లేరులో ఫోటోలు తీయాలంటే ఏ నెలలో వెళ్ళాలి, ఏ లెన్స్ కావాలి, ఒక్క రోజు సరిపోతుందా?" అని అడిగారు కదా. నవంబరు నుంచి ఫిబ్రవరి, ఆటపాక పక్షుల కేంద్రం, పొద్దున్నే బోటు, పెద్ద లెన్స్. ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు, నేనూ తప్పనను. కానీ అలా వెళ్ళొచ్చిన వంద మంది ఫోటోలు పక్కపక్కన పెట్టండి, ఏది ఎవరిదో తీసినవాళ్ళే చెప్పలేరు. గూడబాతు (పెలికాన్), దాని సంచి మూతి, వెనక బంగారం రంగు నీళ్ళు, అంతే. ఆటపాకలో గూడబాతులు చాలామటుకు గూళ్ళు పెట్టేది నీళ్ళలో పాతిన ఇనప స్టాండ్ల మీద, చెట్లు సరిపోక పెట్టారు పాపం. మనవాళ్ళు ఆ ఇనప కమ్మీల్ని ఎడిటింగులో చెరిపేసి అడవిలో తీసినట్టు పెడతారు. ఎందుకండీ? ఆ కమ్మీయే కదా అసలు కథ.

నాది కైకలూరు దగ్గర పల్లెటూరే, బ్యాంకు ఉద్యోగం ఏలూరులో. 2006లో కొల్లేట్లో అక్రమ చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా, పొక్లెయిన్లు వరసగా దిగడం కళ్ళారా చూశా, చేతిలో ఉన్నది కెమెరా లేని డబ్బా ఫోను. ఆ ఏడాది ఫోటో నా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు, అందుకే సెకండ్ హ్యాండు కెమెరా కొనుక్కున్నాక ఒక పిచ్చి పట్టింది: పక్షుల వెనక పరిగెత్తడం కాదు, ఒకే చోట నిలబడి ఏడాదంతా తీయాలని. 2024 జూన్‌లో మొదలెట్టా. కొల్లేటికోట వైపు ఒక గట్టు మీద పాత తూము ఉంది, దాని గోడ మీద కెమెరా పెడితే ఎదురుగా తూర్పు, మధ్యలో ఒంటరి తుమ్మచెట్టు. 35 ఎంఎం లెన్స్, అదే గోడ, అదే ఎత్తు. నెలకి ఒక్కసారైనా తెల్లారేసరికి అక్కడుండాలి, ఇదీ మొక్కు.

ఇది చేస్తే తెలిసొచ్చిన మొదటి సంగతి సూర్యుడి గురించి. జూన్‌లో ఫ్రేముకి ఎడమ చివర లేచేవాడు, రాన్రానూ కుడికి జరుగుతూ డిసెంబరుకి ఆ చివరకి పోయాడు, సంక్రాంతి దాటాక మళ్ళీ వెనక్కి. ఉత్తరాయణం దక్షిణాయనం అని చిన్నప్పట్నుంచి పంచాంగంలో వినడమే గానీ చెట్టుకి అటూ ఇటూ జరగడం కళ్ళతో చూస్తే ఇంకోలా ఉంటుంది. మా ఆవిడకి చూపిస్తే "దీనికి నెలనెలా పెట్రోలు తగలెయ్యాలా" అంది. సరే.

జూన్, జులైలో ఆకాశం ఎక్కువ, నీళ్ళు తక్కువ. పొద్దున కంటే సాయంత్రం వాన వెలిసిన పదిహేను నిమిషాలే బాగుంటుంది, పసుపు నీళ్ళు చల్లినట్టు ఉంటుంది వెలుగు, కిక్కిస గడ్డి మొత్తం వెలుగుతుంది. ఆగస్టుకి గుర్రపుడెక్క పూస్తుంది. అందరూ దాన్ని తిడతారు, నేనూ తిడతా, దోనె కదలనివ్వదు, కానీ మబ్బు పట్టిన రోజు ఆ ఊదా పువ్వుల రంగు చూడాలి. ఎండ ఉంటే మాత్రం ఆ రంగంతా వెలిసిపోతుంది. సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడని ముంచిన సంగతి అందరికీ తెలుసు, ఆ నీళ్ళు ఎటు పోయాయో మాత్రం టీవీ వాళ్ళకి పట్టలేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ చివరికి కొల్లేట్లోకే, కొల్లేట్లోంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఏలూరు కైకలూరు రోడ్డు మీద పెదఎడ్లగాడి దగ్గర నీళ్ళు పారాయి, బళ్ళు ఆపేశారు, నా సిరీస్‌లో ఆ నెల ఫోటో ఆఖరి వారంలో గానీ పడలేదు. అందులో తూము గోడ మీద బురద గీత ఉంటుంది, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే గీత. నాకు ఆ గీతంటే ఇష్టం. ఇన్‌స్టాలో పెడితే మాత్రం పదకొండు లైకులు.

ఇక్కడ బాబాయ్ గురించి చెప్పాలి. నిజం బాబాయ్ కాదు, ఆ పక్క లంక ఊరి ఆయన, దోనె ఉంది, వలలు కడతాడు. మొదట్లో నన్ను చూసి నవ్వేవాడు. "ఏం బాబూ, పిట్టల్ని తప్ప ఇంకేం తియ్యవా? మా కర్రలు, మా వలలు నీ కెమేరాకి కనపడవా?" అని. ఆయన అన్నాడనే వలలు కట్టే వెదురు కర్రలు కూడా ఫ్రేములో వచ్చేలా తూము గోడ మీద కెమెరాని కాస్త పక్కకి తిప్పి, అక్కడ సున్నంతో గుర్తు పెట్టుకున్నా. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

జనవరిలో ఒక రోజు తూము దగ్గర ఫోటో అయ్యాక దోనె ఎక్కమన్నాడు. పొగమంచు ఎలా ఉందంటే దోనె ఈ చివర నేను, ఆ చివర గెడ వేస్తూ బాబాయ్, ఆయన నడుము దాకానే కనపడుతున్నాడు. ఎక్కడో గుడి మైకు, రోడ్డు మీద ఐసు లారీల మోత, ఏది ఎటు నుంచో తెలీట్లేదు. కార్లో ఏసీ వేసుకుని వచ్చిన తెలివితక్కువ వాణ్ణి కదా, లెన్సు మీద ఆవిరి పట్టేసింది, తుడుస్తుంటే మళ్ళీ పడుతోంది. (ముందే కెమెరాని సంచిలోనే ఉంచి బయట గాలికి అరగంట పెట్టాలి, ఇది డబ్బిచ్చి నేర్చుకున్న పాఠం, ఒక లెన్సుకి ఫంగస్ కూడా పట్టింది నాకు.) ఇంతలో బాబాయ్ గెడ ఆపేశాడు. మాట్లాడలేదు, గడ్డంతో చూపించాడు. మూడు బారల దూరంలో, నీళ్ళ మీద గూడబాతు. ఎగరదు, కదలదు. మంచులో దాని కింద నీళ్ళు కూడా కనపడట్లేదు, గాల్లో కూర్చున్నట్టు ఉంది. దాని మూతి చివర నుంచి నీటి చుక్క పడుతున్న చప్పుడు విన్నా నేను, ఒట్టు. గబగబా పదకొండు క్లిక్కులు కొట్టా. అందులో ఎనిమిది బూడిద రంగు ముద్దలు, ఎందుకంటే మంచుని చూసి కెమెరా వెలుతురు ఎక్కువుంది అనుకుని తగ్గించేస్తుంది, మనం ఒక స్టాపు (అంటే వెలుతురు రెట్టింపు) పెంచాలి, ఆ కంగారులో ఎవడికి గుర్తుంటుంది? ఎండలో, వెనకంతా ముదురు రంగున్నప్పుడు తెల్లకొంగకి దీనికి తిరగేసి, తగ్గించాలి. ఆఖరి మూడు బాగొచ్చాయి. తర్వాత ఎండ పొడిచింది, మంచు అంతా ఒక్కసారి లేచి గులాబీ రంగైంది, చూస్తే మేం అనుకున్న చోట లేం, బాబాయ్ కర్రల వరస పక్కనే ఉన్నాం, గూడబాతు కూర్చున్నది ఆ కర్రల మధ్యే. అంటే ఆ మూడు ఫోటోల్లో వెనక లీలగా కర్రలు పడ్డాయి. పడితే పడ్డాయిలే అనుకున్నా.

మధ్యలో రెండు మాటలు. పక్షులు ఎగిరితే ఫోటో బాగుంటుందని చప్పట్లు కొట్టేవాళ్ళని, ఈలలు వేసేవాళ్ళని బోట్లోంచి నీళ్ళలోకి తోసేయాలనిపిస్తుంది. గూళ్ళలో పిల్లలుంటాయి, తల్లి లేస్తే పిల్ల ఎండకి మాడుతుంది, కాకి కాచుకుని ఉంటుంది. ఇంకోటి, చేపల చెరువుల మీద పక్షులు దిగకుండా కట్టే నైలాను దారాలు. రైతు బాధ నాకు తెలుసు, మా మేనమామకీ చెరువుంది, కానీ తెగిపోయిన దారం గట్టున వదిలేస్తారు చూడండి, దానికి కాలు చుట్టుకుని వేలాడిన నత్తగుల్ల కొంగని ఒకసారి బ్లేడుతో కోసి విడిపించా, చేతికి మూడు గాట్లు పెట్టింది, థాంక్స్ కూడా చెప్పలేదు. ఇక నా కలువల ఫోటో ఒకటి ఎవరో క్యాలెండరు మీద అచ్చేసుకున్నారు, పేరు లేదు, అడిగితే "వాట్సాప్‌లో వచ్చిందండి" అన్నారు. ఏం చెప్తాం.

మే మొదటి వారం. తూము ముందు పాదం మునిగేంత నీళ్ళే, మిగతాదంతా పగుళ్ళిచ్చిన బురద, గేదెల అడుగులు, బోర్లించిన దోనె. ఆరున్నరకే ఎండ తెల్లగా అయిపోతుంది, ఎవరూ కెమెరా పట్టుకుని రారు ఆ నెలలో. నేను జనవరి గూడబాతు ఫోటో పెద్ద ప్రింటు వేయించి ఫ్రేము కట్టించి బాబాయ్‌కి ఇద్దామని పట్టుకెళ్ళా. వెళ్ళేసరికి గట్టు మీద పదిమంది, గొడవ. కర్రల హద్దు తగువు. వరదకి కర్రలన్నీ కొట్టుకుపోయాయి కదా, నీళ్ళు తీశాక బాబాయ్ మళ్ళీ పాతాడు. పక్క వాటా వాళ్ళేమో రెండు బారలు మా వైపుకి జరిపాడంటున్నారు, ఈయనేమో మా తాత నాటి నుంచి ఇక్కడే అంటున్నాడు. నన్ను చూడగానే బాబాయ్ మొహం వెలిగిపోయింది. "ఇదిగో, బ్యాంకు బాబు ఏడాదంతా తీశాడు. ఫోటో అబద్ధం చెప్తదా? తియ్యి బాబూ తియ్యి" అన్నాడు.

ప్రింటు చూశారు. గూడబాతుని ఒక్కడూ చూడలేదు, అందరి వేళ్ళూ వెనక కర్రల మీదే. ఇది జనవరిది, వరద తర్వాతది, చెల్లదన్నారు. అప్పుడు ఫోన్లో తూము ఫోటోలు వరసగా పెట్టా. పక్క వాటా వాళ్ళ కుర్రాడు, ఇంజనీరింగ్ అనుకుంటా, గట్టివాడు, "లెన్సు మారిస్తే దూరాలు మారిపోవా అన్నా?" అన్నాడు. లెన్సు కాదు తమ్ముడూ, నిలబడే చోటు మారితే మారుతుంది అని చెప్పి, అన్నిటికీ 35 అని డీటెయిల్స్ చూపించి, గోడ మీద సున్నం గుర్తూ చూపించా. నా జన్మలో నా పద్ధతిని ఇంత శ్రద్ధగా విన్న జనం వాళ్ళే. ఆగస్టు ఫోటో: మొదటి కర్ర తుమ్మచెట్టుకి సరిగ్గా కింద. జనవరి ఫోటో: మొదటి కర్ర చెట్టు దాటేసింది. అవతలి పక్కకి. రెండు బారలో మూడు బారలో గానీ, దాటేసింది.

ఎవరూ మాట్లాడలేదు. పెద్దమనిషి ఒకాయన ఫోను తిరిగి నా చేతిలో పెట్టి తుండు దులుపుకున్నాడు. బాబాయ్ ప్రింటు చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు, నావైపు చూడలేదు. నేను ఆ రోజు మే ఫోటో తీయడం కూడా మర్చిపోయి కారెక్కి, కొంత దూరం పోయాక గుర్తొచ్చి వెనక్కి వచ్చి తీశా. ఎండ మాడ్చేస్తోంది, రంగుల్లేవు, ఖాళీ బురద, చెట్టు, వంకర వరస కర్రలు. నా దగ్గరున్న వాటిలో దాన్నే గోడకి తగిలించుకున్నా.

మీ ప్రశ్నకి వస్తే, ఒక్క రోజే కుదిరితే జనవరిలో రండి, ఆరింటికల్లా నీళ్ళ దగ్గరుండాలి. పెద్ద లెన్స్ అద్దెకి తెచ్చుకోండి, 150-600 ఎంఎం జూమ్ చాలు, కొనకండి, పాత 35 ఒకటి కూడా సంచిలో వేసుకోండి. రెండు మూడుసార్లు రాగలిగితే అందులో ఒకటి మే నెలలో రండి.

బాబాయ్ ఆర్నెల్లు నన్ను దోనె ఎక్కించుకోలేదు. మొన్న నవంబరు చివర్లో తూము దగ్గర నిలబడి ఉంటే తనే వచ్చి దోనె ఆపాడు. ప్రింటు ఇంట్లో దేవుడి పటాల పక్కన పెట్టాడట, వాళ్ళావిడ పెట్టించిందట. ఎక్కి కూర్చున్నా. కొంత దూరం గెడ వేశాక, నేను కెమెరా పైకెత్తగానే అన్నాడు:

"పిట్టల్ని తీసుకో బాబూ. కర్రలెందుకు, ఏముంటది కర్రల్లో."