కుక్కకు కావలి ఉండుడు కూడా ఉద్యోగమేనా సార్?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్. పెండ్లయి మూడేండ్లు. ఇప్పుడు కొండాపూర్‌ల కిరాయి ఫ్లాట్ ఖాళీ చేసి విదేశాలకు పోతరట. అక్కడ ఇంటోళ్ళు ఊరికి పోతే వాళ్ళ ఇండ్లల్ల ఉండి, కుక్కలను, పిల్లులను చూసుకుంట ల్యాప్‌టాప్ మీద పని చేసుకుంటరట. కిరాయి ఉండదు, పైసలు కూడా ఇయ్యరట. బీటెక్ మూడో ఏడాది చదివే మా బాబు గూడ 'నేనూ గట్లనే' అంటుండు. ఇంతకన్న ఎనకట జీతం ఉన్నోళ్ళే నయం. డాలస్‌ల మా పెద్దోని దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చిన, విదేశమంటే నాకు తెల్వనిది కాదు. ఇల్లు కొనుక్కొని నౌకరి చేసుడు మంచిదా, ఇది మంచిదా, పోల్చి చెప్పుండ్రి.

జవాబు: అమ్మా, పోల్చి చెప్తాను. అయితే మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. 'జీతం ఉండుడు' అన్నారు. మన వైపు ఆ మాటకు అర్థం మీకు నేను చెప్పాలా? తాత చేసిన అప్పుకు మనవడు దొర ఇంట్లో గొడ్లు కాయడం. మీ అమ్మాయి చేయబోయేది అది కాదు. మీ వాడలో ఎవరైనా అమెరికా పోతూ తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, 'తులసికి ఇన్ని నీళ్ళు పొయ్యి వదినా' అంటారు కదా, అదే ఇది. కాకపోతే పక్కింటి వదిన బదులు ఆన్‌లైన్‌లో దొరికిన మనిషి. బ్రిటన్‌లో 2010లో మొదలైన ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్ అనే సంస్థ ఇలాంటి వాళ్ళను కలుపుతుంది. ఇరువైపుల వాళ్ళూ ఏటా సభ్యత్వం కడతారు, ఒకరికొకరు రూపాయి ఇచ్చుకోరు. ఇంటివాళ్ళు తిరిగొచ్చిన రోజున వీళ్ళు పెట్టె సర్దుకుంటారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. డాలస్‌లో ఆర్నెల్లు మీరు చేసిందేమిటి? మనవరాలిని ఎత్తుకుని, పొద్దున పప్పు, రాత్రి రొట్టెలు చేసి వచ్చి ఉంటారు. దానికి ఎవరూ లెక్క కట్టలేదు, చిన్నతనమనీ అనలేదు. కూతురు కుక్కకు అన్నం పెడితే మాత్రం పరువు పోతుందా? మీ భయం ఉద్యోగం గురించి కాదమ్మా. పెండ్లిలో ఎవరో 'బిడ్డ ఏం చేస్తుంది?' అని అడుగుతారు. దాని వెనకే 'ఇంకా విశేషం లేదా?' అని కూడా అడుగుతారు. ఈ రెండింటికీ జవాబు నా దగ్గర లేదు, వెతకాల్సిన పని మీకూ లేదు. మూడేండ్లు కలిసి బతికిన ఇద్దరు, ఇద్దరూ ఒప్పుకొని తీసుకున్న నిర్ణయం ఇది.

అలాగని మీ వాళ్ళను వెనకేసుకొస్తున్నాననుకోకండి. వాళ్ళ మీద నాకు మీకంటే ఎక్కువ అనుమానాలున్నాయి.

మొదటిది వీసా. ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ బతుకు చూపించే జంటల పాస్‌పోర్టు ఏ దేశానిదో ఒకసారి గమనించమనండి. ఎక్కువ మంది అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్ళే. వాళ్ళకు చాలా గడపలు తెరిచే ఉంటాయి, మనం ముందు బ్యాంకు కాగితాలు పట్టుకుని లైన్లో నిలబడాలి. యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరిగే దేశాల కూటమి) టూరిస్టుగా 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు. ల్యాప్‌టాప్ పని చేసేవాళ్ళ కోసం థాయిలాండ్ 2024లో ఐదేళ్ళ వీసా తెచ్చింది, దానికి 5 లక్షల బాత్ నిల్వ చూపించాలి. మన లెక్కన పన్నెండు లక్షల పైమాటే.

పైసలు తీసుకోకపోయినా, ఉండటానికి ఇల్లు దొరికింది కాబట్టి అది పనే అని అధికారి అనుకోవచ్చు. 2022లో కెనడా వెళ్తూ లాస్ ఏంజెలెస్‌లో దిగిన ఒక ఆస్ట్రేలియా మహిళను పిల్లుల్ని చూసుకునే ఈ పద్ధతి కారణంగానే వెనక్కి పంపారు. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఉన్నావిడకే అలా జరిగింది. విజిట్ వీసా మీద గల్ఫ్ పోయి పనిలో చేరి 'ఖల్లివెల్లి' (చెల్లే కాగితాలు లేని కూలీలు) అయినోళ్ళ కథలు జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఎన్ని వినలేదు మనం? చేతిలో ల్యాప్‌టాప్ ఉన్నంత మాత్రాన ఆ రూలు మారదు. ఏ దేశం, ఏ వీసా, అందులో ఏ పనికి ఒప్పుకుంటారు అన్నది కాగితం మీద రాసి చూపించమనండి.

రెండోది కంపెనీ. ఇంటి నుంచి పని అంటే హనుమకొండ ఇంటి నుంచి. పోర్చుగల్ ఇంటి నుంచి కాదు. క్లయింట్ డేటా, పన్నుల చిక్కు చూసి చాలా కంపెనీలు ల్యాప్‌టాప్‌ను దేశం దాటనివ్వవు. రాతపూర్వకంగా అనుమతి ఉందా అని అడగండి. చెప్పకుండా పోయి దొరికిపోతే, కిరాయి మిగలడం అటుంచి నౌకరే పోతుంది. గడియారం సంగతీ ఉంది. హైదరాబాద్‌లో తొమ్మిదింటికి మీటింగ్ అంటే లండన్‌లో చలికాలం తెల్లవారుజాము మూడున్నర. ఆ మీటింగ్ ముగించి ఆరింటికి కుక్కను వానలో తిప్పాలి. పిల్లికి షుగర్ ఉంటే వేళకు ఇన్సులిన్ పొడవాలి. ముసలి కుక్కలుంటాయి, నాలుగు గంటలకు మించి ఒంటరిగా వదలొద్దని ఇంటివాళ్ళు ముందే చెప్తారు. ఊరు చూద్దామని వెళ్ళినవాళ్ళు ఇంటి నుంచి కదలలేరు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఖాళీ వస్తుంది, ఆ పది రోజుల హోటల్ ఖర్చు, విమానం టికెట్లు ఎవరి వీడియోలోనూ కనపడవు.

మీ బాబు సంగతి వేరు. అతనికి గట్టిగానే చెప్పండి, వద్దని. అక్కకు ఉద్యోగం ఉంది, ఇల్లే మారుతోంది. వీడికి ఇంకా పనే రాదు. మొదటి రెండేళ్ళు సీనియర్ పక్కన కూచుని, తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకోవాలి. హైదరాబాదే కానక్కర్లేదు, మీ పక్కనే ఉన్న మడికొండలో 2020 నుంచే ఐటీ ఆఫీసులు నడుస్తున్నాయి.

ఇక మీరు అడిగిన పోలిక. ఇల్లు కొంటే ఇరవై ఏళ్ళ ఈఎంఐ, ఒక చిరునామా. ఇటు వెళ్తే కిరాయి మిగులు, చిరునామా లేదు. అంతే, ఇంతకంటే లేదు. ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు ఒక ఏడాది ఇలా గడిపినంత మాత్రాన కెరీర్ కూలిపోదు, ఉద్యోగం చేతిలో ఉన్నంతకాలం. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో వేరుగా పెట్టుకుని పొమ్మనండి, తిరిగొచ్చే టికెట్ డబ్బు అందులో కలపకుండా.

వచ్చే ఎండాకాలం మీరు డాలస్ వెళ్ళేది ఉంటే, పోయేముందు మీ వాడలో కుక్క ఉన్న ఇల్లు చూడండి. ఆ ఇంటివాళ్ళు యాత్రకు పోయినప్పుడు పది రోజులు మీ అమ్మాయి, అల్లుడు ఆ కుక్కతో ఉండి, ఆఫీసు పని చేసుకుని చూడనివ్వండి. ఇందాక చెప్పిన సంస్థలో కొత్తగా చేరేవాళ్ళు తెలిసినవాళ్ళ సిఫారసు చూపించుకుంటే మంచిది, అందుకు ఆ ఇంటివాళ్ళు రాసిచ్చేది పనికొస్తుంది. మీరు రాసిస్తే మాత్రం కన్నతల్లి మాట అని పక్కన పెడతారు.