పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేపథ్యంగా ఇద్దరు మగవాళ్ల ప్రేమకథలు ఇన్ని ఎందుకు వస్తాయి?

ఆ సంగీతం పనిలోనే ప్రేమకథకు కావలసిన దగ్గరితనం ఉంది. గాయకుడు ఊపిరి తీసుకునే క్షణం పియానో వాయించేవాడికి ముందే తెలియాలి. రోజుల తరబడి ఒకే గదిలో రిహార్సల్, కలిసి ప్రయాణాలు, స్టేజి ఎక్కే ముందు టెన్షన్. ఇద్దరూ ఎందుకు కలిసి ఉన్నారని ఎవరూ అడగరు.

నిజజీవితంలో నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇంగ్లండ్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్, గాయకుడు పీటర్ పియర్స్. 1940లో బ్రిటెన్, ఇటలీ శిల్పి మైకెలాంజెలో ఎప్పుడో రాసిన ఏడు ప్రేమ పద్యాలకు, పియర్స్ గొంతుకు సరిపోయేలా స్వరాలు కట్టాడు. 1942లో లండన్ విగ్‌మోర్ హాల్‌లో పియర్స్ పాడితే బ్రిటెన్ పియానో వాయించాడు. మగవాళ్ల మధ్య సంబంధం అప్పుడు అక్కడ నేరం. ఆ చట్టం సడలింది 1967లో. అంటే జైలుకు పంపగల మాటను వాళ్లు నిండు సభలో, ఇటాలియన్‌లో, పాటగా చెప్పుకున్నారు! ఏ నవలా రచయితకైనా ఇంతకంటే బలమైన సన్నివేశం దొరుకుతుందా?

మంచి కథల్లో అందుకే సంగీతం అలంకారంగా మిగిలిపోదు, నోటితో అనలేనిది అక్కడే బయటపడుతుంది. రిహార్సల్ సన్నివేశాలు తీసేసినా కథ నడుస్తుంటే, ఆ రచయిత సంగీతాన్ని పట్టించుకోలేదనే నేను అనుకుంటాను.

1976లో బ్రిటెన్ పోయినప్పుడు ఎలిజబెత్ రాణి సంతాప సందేశం పియర్స్‌కే పంపింది. ఇంగ్లండ్‌లోని ఆల్డ్‌బరా అనే ఊళ్లో చర్చి ఆవరణలో ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి.