చెరకు తోటలో ఎర్ర పిట్టలు సంక్రాంతి దాటాక ఏమైపోతాయి?

వానాకాలంలో రాజాం వైపు చెరకు తోటల్లో పిచ్చుక కంటే చిన్న పిట్టలు, ఎర్రటి ఒంటి మీద తెల్ల చుక్కలతో గుంపుగా తిరిగాయి, ఇప్పుడు ఒక్కటీ లేదు, ఎవరైనా పట్టుకుపోయారా అని అడిగారు కదా. ఎక్కడికీ పోలేదండీ. రంగు మార్చేశాయంతే.

అవి ఎర్ర మునియాలు. పుస్తకాల్లో జీనువాయి అని రాస్తారు గానీ మా ఊళ్లో ఆ మాట నేనెప్పుడూ వినలేదు, ఎర్ర పిట్ట అంటేనే తెలుస్తుంది. ఆ ఎరుపు మగదానికే, అదీ గూడు కట్టే కాలంలోనే. మే నెలలో ముక్కు ఎర్రబడటం మొదలవుతుంది, వానలకి ఒళ్లంతా ఎరుపెక్కుతుంది, ఆ కాలం దాటాక ఆడదానిలాగే మట్టిరంగుకి వచ్చేస్తుంది.

ఇది నాకు డబ్బులు పోయాకే తెలిసింది. చిన్నప్పుడు విజయనగరంలో పైడితల్లమ్మ పండక్కి వెళ్లి, పంజరంలో అమ్ముతుంటే రెండు కొన్నాను. కొన్ని వారాలకి ఎర్ర ఈకలు రాలిపోయి గోధుమరంగువి వస్తుంటే, వాడు రంగు పూసి అమ్మేశాడని తిట్టుకుంటూ తడిగుడ్డ పెట్టి తుడిచాను కూడా, పాపం దాని గుండె నా వేళ్లకి టకటకా తగులుతోంది. తాతయ్య చూసి "తోక మొదట్లో చూడరా" అన్నాడు. అక్కడ ఎరుపు అలాగే ఉంది, రెక్కల మీద చుక్కలూ ఉన్నాయి. ఆ సాయంత్రమే నాగావళి గట్టున రెల్లులో వదిలేయించాడు. మీకూ పెంచుకోవాలని ఉంటే ఆ ఆలోచన మానుకోండి, 1972 వన్యప్రాణి చట్టం కింద వీటిని పట్టడం, అమ్మడం నేరం.

నెట్‌లో ఎర్ర పిట్ట అని వెతికితే తల మీద కుచ్చున్న ఫొటోలు వస్తాయి. అది అమెరికాలో ఉండే కార్డినల్, అందులో మగది ఏడాది పొడుగునా ఎర్రగానే ఉంటుంది. మనది 10 సెంటీమీటర్లు ఉంటే ఎక్కువ.

చెరకు కొట్టేశాక తోటలో వెతికితే ఏం దొరుకుతాయి? నీళ్ల పక్కన ఎత్తుగా పెరిగిన గడ్డి, రెల్లు, జమ్ము ఉన్నచోట చూడండి, గడ్డి గింజలే వాటి ముఖ్యమైన తిండి, చెదపురుగులూ తింటాయి. పొద్దున్నే వెళ్లి కదలకుండా నిలబడితే ముందు సన్నగా "ప్సీప్" అని వినిపిస్తుంది, తర్వాత గడ్డికంకి ఒకటి గాలి లేకుండానే వంగుతుంది. అక్కడ కూర్చున్న మట్టిరంగు పిట్ట ఎగిరేటప్పుడు తోక మొదలు చూడండి.