బందీలను విడిపించే సైనిక సినిమాల్లో నిజమెంత? పర్లాకిమిడి నుంచి ఒక మాజీ సైనికుడి సమాధానం

మీరు ఒకే ప్రశ్నగా రాసినా అందులో మూడు సందేహాలు ఉన్నాయి. ఒక మేజరు నలుగురు కమాండోలతో శత్రుదేశంలోకి దిగి, రెండువందల మందిని మట్టికరిపించి, బందీలను లారీకెక్కించి, కూలిపోతున్న వంతెన మీదుగా ఆ లారీని దూకించి తీసుకువచ్చే సినిమాలోలాగా ఎక్కడైనా జరుగుతుందా అన్నది మొదటిది. అంత అతి అని తెలిసి కూడా జనం ఎందుకు విరగబడి చూస్తారన్నది రెండోది. తొమ్మిదేళ్ల మీ అబ్బాయిని ఆ సినిమాకు తీసుకువెళ్లవచ్చా అన్నది మూడోది.

నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటున్నాను. బందీలను విడిపించే దాడిలో నేను ఎన్నడూ పాల్గొనలేదు. ముందుకు వెళ్లే దళానికి వెనుక వైర్‌లెస్ సెట్టు దగ్గర కూర్చుని మాట తెగిపోకుండా చూడడమే మా పని. కాబట్టి తుపాకి పట్టినవాడి కంటే వార్త మోసినవాడి చూపుతో ఈ సమాధానం రాస్తున్నాను. మీరు చెప్పిన సినిమాను మా చెల్లెలి పిల్లలతో కలిసి ఇక్కడి హాల్లోనే చూశాను. శత్రుదేశపు జనరల్ చక్కటి గోదావరి తెలుగులో బెదిరిస్తుంటే హాలంతా ఈలలు వేసింది.

మొదటి సందేహానికి సూటిగా చెప్పాలంటే, బందీల విముక్తి కోసం సైనికదళాలు దాడి చేయడం చరిత్రలో చాలాసార్లు జరిగింది, కొన్ని దాడులు సినిమాను మించిపోయాయి కూడా. అయితే ఆ దాడులు గెలిచినా ఓడినా అందుకు కారణం గురి ఒక్కటే కాదు. బందీలు ఏ గదిలో ఉన్నారు, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికి తెరుచుకుంటుందా, కాపలావాళ్లు ఎందరు, వాళ్లు ఏ వేళకు మారతారు అన్న సంగతులు ముందుగా తెలిశాయా లేదా అన్నదే చాలావరకు ఫలితాన్ని తేల్చింది. సినిమా హీరో మాత్రం కోటలోకి దూకి, వరండాలో పరుగెత్తి, తన్నిన మొదటి తలుపు వెనుకే బందీలను కనుగొంటాడు. లారీ వంతెన దూకడం కంటే నాకు అదే పెద్ద అబద్ధంగా తోచింది.

ఎంటెబ్బే సంగతి చూడండి. 1976 జూన్ 27న ఏథెన్స్ నుంచి బయలుదేరిన ఎయిర్ ఫ్రాన్స్ విమానాన్ని హైజాక్ చేసి ఉగాండాలోని ఎంటెబ్బేకు తీసుకుపోయారు. ఇజ్రాయెల్ కమాండోలు నాలుగు హెర్క్యులస్ విమానాలలో సుమారు 4,000 కిలోమీటర్లు ఎగిరి, జూలై 3 అర్ధరాత్రి వేళ అక్కడ దిగి, గంటన్నరలో పని ముగించుకుని 102 మందితో వెనుదిరిగారు. అధ్యక్షుడు ఈదీ అమీన్ వాడే కారును పోలిన నల్ల మెర్సిడెస్‌ను విమానంలో వెంట తీసుకువెళ్లి, కాపలావాళ్లను మభ్యపెట్టబోయారు. ఏ రచయితైనా ఈ కారు సంగతి కల్పించి రాస్తే నిర్మాత నమ్మడు. కానీ దీనికి ముందు జరిగిన పని సంగతి చూడండి. హైజాకర్లు విడిచిపెట్టిన ప్రయాణికులు పారిస్ చేరగానే అధికారులు వారిని కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉంది అని ఓపికగా అడిగి రాసుకున్నారు. ఆ టెర్మినల్ కట్టడంలో ఒక ఇజ్రాయెల్ నిర్మాణ సంస్థకు పాత్ర ఉండడంతో భవనం వివరాలు కూడా దొరికాయి. వాటిని బట్టి నమూనా తయారు చేసుకుని సాధన చేశారు. ఇంత చేసినా ఆ కారు ఎత్తు చివరిదాకా పారలేదు, టెర్మినల్‌కు చేరకముందే కాల్పులు మొదలయ్యాయి. దళానికి నాయకత్వం వహించిన యోనాతన్ నెతన్యాహు మరణించాడు. దాడిలో ముగ్గురు బందీలు కూడా చనిపోయారు, అంతకుముందే ఆసుపత్రికి తరలించిన ఒక వృద్ధురాలిని ఆ తరువాత చంపేశారు. గొప్ప విజయంగా చెప్పుకునే దాడి లెక్క ఇది.

ఓడిన దాడి లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. 1980 ఏప్రిల్ 24న ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లోని తమ రాయబార కార్యాలయపు బందీల కోసం అమెరికా ఎనిమిది హెలికాప్టర్లను పంపింది. ముందుకు సాగాలంటే కనీసం ఆరు కావాలి. దుమ్ముతుఫాను, యంత్రలోపాల వల్ల ఎడారిలోని మజిలీ దగ్గర ఐదే పనికివచ్చే స్థితిలో మిగిలాయి. దాడిని రద్దు చేసుకుని వెనుదిరిగే సమయంలో ఒక హెలికాప్టరు విమానాన్ని ఢీకొని ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. ఒక్క శత్రువు కూడా ఎదురుపడకముందే కథ ముగిసింది. దీన్ని ఉన్నదున్నట్టుగా తీస్తే విశ్రాంతి తరువాత చూపడానికి ఏమీ ఉండదు. ఆ బందీలు చివరకు మొత్తం 444 రోజుల చెర తరువాత, అల్జీరియా మధ్యవర్తిత్వంతో జరిగిన చర్చల వల్ల విడుదలయ్యారు.

మన దేశంలోనే, అమృత్‌సర్ విమానాశ్రయంలోనే, రెండు రకాల ఫలితాలూ వచ్చాయి. 1993 ఏప్రిల్‌లో అక్కడ దిగిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానంలోని హైజాకర్‌తో అధికారులు గంటల తరబడి మాట్లాడుతూ కాలం గడిపారు. ఈలోగా ఎన్‌ఎస్‌జీ (జాతీయ భద్రతా దళం) కమాండోలు చేరుకుని, అర్ధరాత్రి దాటాక విమానంలోకి చొరబడి, ప్రయాణికులెవరికీ హాని లేకుండా కొద్ది నిమిషాలలో ముగించారు. 1999 డిసెంబరులో కాఠ్మాండూ నుంచి బయలుదేరి హైజాక్ అయిన విమానం అదే అమృత్‌సర్‌లో ముప్పావుగంట వరకు నిలిచినా కమాండోలు సమయానికి అందలేదు. అది చివరకు అఫ్గానిస్తాన్‌లోని కాందహార్ చేరింది, డిసెంబరు 31న ముగ్గురు ఉగ్రవాదులను విడిచిపెట్టి ప్రయాణికులను తెచ్చుకోవలసి వచ్చింది. సినిమాలో చర్చలు జరిపే అధికారి ఎప్పుడూ పిరికివాడో అమ్ముడుపోయినవాడో అయి ఉంటాడు. వాస్తవంలో కమాండోకు కావలసిన సమయాన్ని సంపాదించి పెట్టేది ఆ మాట్లాడేవాడే.

మా ప్రాంతంలో ఈ సంగతి సినిమా చూడకముందే జనానికి తెలుసు. 2006 మార్చిలో మా జిల్లాలోని ఆర్. ఉదయగిరి మీద మావోయిస్టులు దాడి చేసి ఇద్దరు అధికారులను వెంట తీసుకుపోయారు, తరువాత విడిచిపెట్టారు. 2011 ఫిబ్రవరి 16న మల్కనగిరి కలెక్టరు వినీల్ కృష్ణను, ఒక జూనియర్ ఇంజనీరును అపహరించినప్పుడు, కలెక్టరూ తెలుగువాడే, మధ్యవర్తులలో ప్రొఫెసర్ హరగోపాల్ కూడా తెలుగువారే కావడంతో సరిహద్దుకు రెండు వైపులా ఇళ్లలో టీవీలు ఆరలేదు. ఒక పూట ఒడియా వార్తలు, ఒక పూట తెలుగు వార్తలు చూస్తూ, రెండింటిలో ఏది ముందు చెబుతుందా అని ఎదురుచూసేవాళ్లం. కలెక్టరును విడిచిపెట్టమని మల్కనగిరిలో జనం ఊరేగింపులు తీశారు. భువనేశ్వర్‌లో చర్చలు జరిగాయి, ఫిబ్రవరి 24న ఆయన బయటికి వచ్చారు. మరుసటి ఏడాది మార్చి 24న కొరాపుట్ జిల్లాలో లక్ష్మీపూర్ ఎమ్మెల్యే ఝీనా హికాకాను పట్టుకుపోతే, ఏప్రిల్ 26 వరకు, అంటే నెలకు పైగా, ఆయన ఇంటివాళ్లు వేచి ఉండవలసి వచ్చింది. ఈ మూడు సందర్భాలలోనూ హెలికాప్టర్ల నుంచి తాళ్లు పట్టుకుని ఎవరూ దిగలేదు. ధైర్యం లేక అలా జరిగిందని హాల్లో పక్కసీటు కుర్రవాడు అన్నాడు గాని, అది సరికాదు. విమానం ఒకచోట నిలిచి ఉంటుంది, భవనానికి నాలుగు గోడలు ఉంటాయి. తూర్పు కనుమల అడవిలో మనిషిని ఒక కొండ నుంచి ఇంకో కొండకు నడిపించుకుపోతే, ఏ తలుపు తన్నాలో ఎవరికి తెలుస్తుంది?

ఆయుధాల అతి గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిందే. నిమిషానికి 600 తూటాల వేగంతో ఆపకుండా కాలిస్తే 30 తూటాల మ్యాగజైను మూడు సెకన్లలో ఖాళీ అవుతుంది, హీరో మాత్రం పాట పల్లవి అంత సేపు కాలుస్తాడు. గ్రెనేడ్ పేలితే చంపేవి దాని ముక్కలు, సినిమాలో కనిపించే నారింజరంగు మంట పెట్రోలుది. మూసిన గదిలో పేలుడు జరిగితే లోపలివాడికి చాలాసేపు ఏమీ వినపడదు, కాని మన మేజరు ఆ మరుక్షణమే తల్లి గురించి డైలాగు చెప్పి, బందీ చెప్పిన జవాబు కూడా విన్నాడు.

నాకు సంబంధించిన విషయం వైర్‌లెస్ కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుతాను. సినిమాలో ఢిల్లీలోని గదిలో పెద్ద తెర ముందు నిలబడిన అధికారి, కొండకోట నేలమాళిగలో ఉన్న కమాండోతో పక్కింటివాడితో మాట్లాడినంత స్పష్టంగా మాట్లాడతాడు. పెద్ద మేనల్లుడు నా వైపు వంగి, “మావయ్యా, మీరూ ఇలాగే మాట్లాడేవారా?” అని అడిగాడు. దళాలు భుజాన మోసే వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్టు దాదాపుగా కంటిచూపు సాగినంత దూరమే పనిచేస్తుంది, మధ్యలో కొండ అడ్డం వస్తే మాట తెగిపోతుంది. మా జిల్లాలోని మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు. దానికి ఈ వైపు ఒకడు, ఆ వైపు ఒకడు నిలబడి అలాంటి సెట్లతో మాట్లాడుకోవాలంటే శిఖరం మీద మూడో మనిషి, ఒకరి మాట అందుకుని ఇంకొకరికి పంపే రిలే సెట్టుతో, అదనపు బ్యాటరీలతో, మంచులో కూర్చుని ఉండాలి. ఉపగ్రహ ఫోన్లు వచ్చాక చాలా మారింది గాని, వాటికి కూడా తలపైన ఆకాశం కనబడాలి, నేలమాళిగలో అవి మూగబోతాయి. అసలైన దాడిలో దళం లోపలికి వెళ్లాక వెనుక ఉన్నవాళ్లకు నిశ్శబ్దమే ఎక్కువ వినబడుతుంది. శిఖరం మీద కూర్చున్న ఆ మూడో మనిషికి ఏ సినిమాలోనూ వేషం ఇవ్వరని నాకు కొంచెం గుర్రుగా ఉంటుంది, దాన్ని మీరు పట్టించుకోనక్కరలేదు.

ఇటీవలి కాలంలో నన్ను బాగా ఆకట్టుకున్నది 2024 మార్చిలో సోమాలీ దొంగల చేతిలో ఉన్న ‘రూయెన్’ అనే సరకు ఓడను మన నౌకాదళం విడిపించిన తీరు. భారత తీరానికి సుమారు 2,600 కిలోమీటర్ల దూరంలో ఐఎన్ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డగించింది, సీ-17 రవాణా విమానం నుంచి నౌకాదళపు మార్కోస్ కమాండోలు పడవలతో సహా సముద్రంలోకి దిగారు. ఇంతవరకు చెబితే ఇది మీ సినిమాయే. తరువాతి భాగం వేరు. దాదాపు 40 గంటల పాటు ఒత్తిడి పెంచుతూ, లొంగిపొమ్మని చెబుతూ పోతే, చివరకు 35 మంది దొంగలూ లొంగిపోయారు, 17 మంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు. ఇలా విలన్లంతా వరుసగా చేతులెత్తి నిలబడే క్లైమాక్సును మా హాల్లో వేస్తే జనం టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడుగుతారు.

అందువల్లనే రెండో సందేహానికి నా జవాబు సినిమాను వెక్కిరించేది కాదు. గంజాం, గజపతి వైపు ప్రహ్లాద నాటకం ఆడతారు. మెట్లమెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు కత్తి తిప్పుతూ, ఒక మెట్టు దిగుతూ ఒక మెట్టు ఎక్కుతూ, తెల్లవార్లూ గర్జిస్తాడు. ఏ రాజూ అలా మాట్లాడడని లేచి వెళ్లిపోయినవాణ్ణి నేను చూడలేదు. కన్నతండ్రి చేతిలోనే చిక్కుకున్న ఆ పిల్లవాడు బయటపడాలి, అది కళ్లారా చూడాలి అని జనం కూర్చుంటారు. ఈ సినిమాకు వచ్చేవాళ్లు కూడా అందుకే వస్తారని నా అభిప్రాయం. వారాల తరబడి టీవీ ముందు కూర్చుని, విడిచిపెట్టారట అన్న ఒక్క ముక్క కోసం ఎదురుచూసిన జనానికి, రెండున్నర గంటల్లో తలుపు బద్దలై బందీ వెలుగులోకి రావడం చూస్తే కలిగే తృప్తి చిన్నది కాదు. మల్కనగిరి నుంచి మా ఇంటికి వచ్చిన బంధువు ఒకాయన, 2011లో ఆ ఊళ్లోనే ఉన్నవాడు, ఈ సినిమాలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. నాకు నచ్చనిది ఒక్కటే. బందీలుగా ఉన్న ఆ ఆరుగురికి సినిమా మొత్తంలో పేర్లు కూడా సరిగా పెట్టలేదు. వాళ్లలో ఒకరు గోడకు చెవి పెట్టి కాపలావాళ్ల అడుగులు లెక్కపెట్టి ఆ సంగతి బయటికి చేరవేసినట్టు ఒక్క దృశ్యం రాసి ఉంటే, మేజరు వీరత్వానికి తక్కువయ్యేది ఏమీ లేదు, హీరో సరైన తలుపే ఎందుకు తన్నాడో కూడా మాకు తెలిసేది.

ఇక మీ అబ్బాయి విషయం. ఇప్పుడు యూ/ఏ సర్టిఫికెట్లను, అంటే పిల్లలు పెద్దల మార్గదర్శనంలో చూడవలసిన సినిమాలకు ఇచ్చేవాటిని, 7, 13, 16 ఏళ్లు దాటినవారికి అంటూ మూడుగా విడగొట్టి ఇస్తున్నారు, పోస్టరు మీద ఆ అంకె చూడండి. 16 అని ఉంటే తొమ్మిదేళ్లవాడికి వద్దనే నా సలహా. 13 అని ఉన్నప్పుడు నిర్ణయం మీదే. మా చెల్లెలి చిన్నవాడిది దాదాపు అదే వయసు. తుపాకుల మోతకు, వంతెన కూలడానికి వాడు నవ్వాడే గాని భయపడలేదు. కుర్చీకి కట్టిన బందీని కొడుతున్న దృశ్యంలో మాత్రం నా చొక్కా పట్టుకుని బయటికి పోదామన్నాడు. ఆ దృశ్యం విశ్రాంతికి పావుగంట ముందు వస్తుంది, జనరల్ చేతికి నల్ల గ్లౌజులు తొడుక్కోవడం మొదలుపెట్టగానే వాణ్ణి సమోసాలకని బయటికి తీసుకుపోతే సరిపోతుంది. స్పీకర్లకు దూరంగా, వెనుక వరుసలో టిక్కెట్లు తీసుకోండి.