తీర్పు చెప్పని జడ్జి

ప్రశ్న: అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌కు డిగ్రీ లేదట, అయినా ఒకప్పుడు జడ్జి అట. అదెలాగండీ?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: చెన్నై ఉక్కపోతలో ముప్ఫై ఏళ్లు నల్లకోటు మోసిన నేనూ మొదట తికమకపడ్డానమ్మా. మిస్సోరీ రాష్ట్రంలోని జాక్సన్ కౌంటీలో ఆనాటి 'కౌంటీ కోర్టు' వాదనలు వినే చోటు కాదు. రోడ్లు, పన్నులు, ఖర్చులు చూసే పాలకమండలి. మన జిల్లా పరిషత్తుకు దగ్గరి చుట్టం. అందులో సభ్యుడిని జడ్జి అనేవారు, అంతే.

ట్రూమన్ గ్రాండ్‌వ్యూలో పదేళ్లకు పైగా పొలం దున్నిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వచ్చాక కాన్సస్ సిటీలో మిత్రుడితో కలిసి చొక్కాలు, టైలు అమ్మే కొట్టు పెడితే 1922లో మూతపడింది. దివాలా అర్జీ పెట్టకుండా ఏళ్ల తరబడి ఆ అప్పు తీర్చారు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే. కొట్టు మూతపడిన ఆ 1922లోనే ఎన్నికల్లో గెలిచి జడ్జి అయ్యారు. వెనుక పెండర్‌గాస్ట్ అనే రాజకీయ ముఠా నాయకుడి అండ ఉందనుకోండి! 1924లో ఓడారు. 1926లో ప్రధాన జడ్జిగా గెలిచి, పల్లెల బురద దారుల్లో కాంక్రీటు రోడ్లు వేయించారు. 1934లో సెనేట్‌కు ఎన్నికయ్యారు.

లా చదువంటారా? 1923 నుంచి రెండేళ్లు రాత్రి తరగతులకు వెళ్లి, మధ్యలో మానేశారు.